ఇరవై నాలుగు మెత్తలు

గుంతకల్లు పాత బస్టాండు కాడ
చెప్పులు కుట్టే నా బంకు ముందర
ఉశేనప్ప నల్లపెట్టె దించి
మూత తెరిచినప్పుడల్లా
లోపల్నుంచి ఒక ఊరి వాసనొచ్చేది.

మొదటిసారి, బొగ్గు.
గార్డు మెల్విన్ దొర రిటైరై పోతా పోతా
రైల్వే ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద చేతిలో పెట్టిన సాక్సు అది.
ఇరవై నాలుగు చిల్లులు, ఇరవై నాలుగు మూతలు,
ప్రతి మూత కింద బిళ్లంత తోలుమెత్త.
"బొంబాయి నుంచి తెప్పియ్యాలంట.
నువ్వు చేస్తావా మద్దిలేటన్నా?"
మేకపిల్ల చెవి ఎనకాల తోలు
పల్చగా గీకి, అడుగున ఊలుగుడ్డ పెట్టి
లక్కతో అంటిచ్చినా.
సిగరెట్టు పెట్టెలోని కాయితం మూత కింద పెట్టి లాగితే
కదలగూడదు.
కదిలిందా, గాలి కారినట్టే.
ఈ ఇద్య నాకెవురూ నేర్పలే.
వాళ్ల నాయన సన్నాయికి ఏ మెత్తా అక్కరలే, వేళ్లే మూతలు.
ఆయప్ప ఈ ఇత్తడి గొట్టాన్ని చూసి
"కొళాయి లెక్కుందే, నీళ్లొస్తాయా?" అన్నాడంట.

రెండోసారి, అత్తరు, పటాసుల మందు, పామిడి దుమ్ము.
పెండ్లి బ్యాండులో ఆరేండ్లు.
డ్రమ్ముల మింద, జనరేటరు మింద,
తాగి ఎగిరే చిన్నాయనల మింద
గొంతెత్తాల.
పై సరాల మెత్తలు చినిగిపోయినాయి.
కిందివి పెట్టినవి పెట్టినట్టే.
మెత్తగా వాయించే పని యాడొచ్చింది?

మూడోసారి బెంగుళూరు బస్సు దిగినాడు.
మెడలో టై. తలకు నూనె లేదు.
పెట్టె తెరిస్తే సల్లటి వాసన,
ఏసీ గాలికి తోలు బూజు పట్టింది.
పెద్ద హోటల్లో రాత్రి ఏడు నుంచి పదకొండు.
"మేనేజరు ఏమన్నాడో ఎరికేనా?
నీ పాట మింద స్పూను చప్పుడు ఇనపడాల.
ఎవురన్నా తల తిప్పి చూసినారంటే
ఆ రాత్రి నువ్వు తప్పు వాయించినట్టు."
స్మూత్ జాజ్ అంటారంట దాన్ని.
నున్నన.
గీకుడురాయి ఆపి నవ్వినా.
నున్నన ఎంత గీకితే వస్తాదో
నాకు తెలీదా?

పదకొండేండ్లు.
ఎవురూ తల తిప్పలేదంట.
ఒక చిన్నపిల్ల మాత్రం
ఐస్‌క్రీము గిన్నె వదిలిపెట్టి వచ్చి
సాక్సు నోట్లో చేయిపెట్టి చూసిందంట,
గాలి వెచ్చగుందా అని.

నడుమన ఒక క్యాసెట్టు.
అట్ట మీద టోపీ పెట్టిన ఎవురో తెల్లోని నీడ.
అయిదు వేలిచ్చి సంతకం తీసుకున్నారు,
ఆ సంతకం తప్ప ఆయన పేరు యాడా లేదు.
మొన్న అనంతపురంలో, బంగారంగడి లిఫ్టులో
ఆ పాటే వస్తాంటే
"ఇది నేనే" అన్నాడంట.
లిఫ్టు పిల్లోడు:
"యా అంతస్తు సార్?"

ఈ పొద్దు వచ్చినాడు.
హోటలోళ్లు మనిషిని తీసేసి మిషను పెట్టుకున్నారు.
తిరగా బ్యాండే.
ధర్మవరం ఊరేగింపులో
తెలీకుండానే మెత్తగా ఎత్తుకుంటే
మేస్త్రీ నడిరోడ్డులో అరిచినాడంట,
"పెండ్లికొడుకు నిద్రపోతాండాడు, ఊదప్పా!"

మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూసినా.
ఈసారి పైవి బాగుండాయి. కిందివే,
లోతు సరాలవి, ముసలి పెదాల్లెక్క అరిగినాయి.
మనుషులు ఇట్ట పక్క మార్చి అరిగేది
నేను చెప్పుల్లో చూసినా,
ముందు మడమ, తర్వాత వేళ్లు.

కాయితం పెట్టి లాగినా.
అన్నిటికంటే అడుగుది
జారొచ్చింది.
"ఇది మార్చాల."
"వద్దన్నా. ఆ ఒక్కటి కారనియ్.
పదకొండేండ్లు కారతానే ఉన్నింది,
స్పూన్ల కింద ఎవురికీ ఇనపల్యా.
క్యాసెట్టులో గూడా ఉండాది,
అడుగు సరం ముందర చిన్న ఉస్సురు.
ఈసారి ఎవురన్నా నమ్మకపోతే
అది ఇనిపిస్తా."

ఇరవై మూడు మెత్తలకే లెక్క కట్టినా.
ఇరవై నాలుగుకిచ్చి
బస్సెక్కినాడు.